శాసనమును సంఘమును: ఒక విద్వత్పరిషత్తు చరిత్రము

శాసనము చేసినంతమాత్రమున సంఘము మాఱునా యను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. వితంతు వివాహమునకు 1856 లోనే చట్టము గలిగెను. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించునప్పటికి 1881 వ సంవత్సరము వచ్చెను. ఇట్టి యంతరమును పరిశోధించుటకే అమెరికాలో లా అండ్ సొసైటీ అసోసియేషన్ అను విద్వత్పరిషత్తు వెలసినది. దాని చరిత్రమును చదువరులకు విన్నవింపదలచితిమి.

అచ్చటి ప్రేరణయు నిట్టిదే. నల్లవారి బిడ్డలను వేఱుబడులలో నుంచుట రాజ్యాంగ విరుద్ధమని సుప్రీముకోర్టు 1954 లో తీర్పు చెప్పెను. పదేండ్లు గడచినను దక్షిణ రాష్ట్రములలో తెల్లబిడ్డల సరసన చదువుకొను నల్లబిడ్డలు నూటికి నిద్దఱైనను లేరు. న్యాయకళాశాలలు తీర్పులను బోధించుచుండెనే కాని, తీర్పు వెలువడిన పిమ్మట నేమి జరిగెనో చూచువా రరుదు. 1963 లో విస్కాన్సిన్ పండితుడు స్టూవర్ట్ మెకాలే 68 మంది వ్యాపారులను, న్యాయవాదులను ప్రశ్నించి, వర్తకులు తగవు వచ్చినను ఒడంబడిక చట్టము జోలికి తఱచుగా పోరనియు, మాట మీది నమ్మకముననే వ్యవహారము నడచుననియు ప్రకటించెను. మన సంతలోని వర్తకు డీ మాట విన్నచో నవ్వును; పండితులకు మాత్ర మిది వింతయయ్యెను.

1964 లో మాంట్రియల్ నగరమున సమాజశాస్త్రజ్ఞుల మహాసభ జరిగినపుడు ఈ పరిషత్తు పుట్టెను. డెన్వర్ న్యాయకళాశాలకు చెందిన రాబర్ట్ యెగ్గీ ప్రథమాధ్యక్షుడు. 1966 లో రిచర్డ్ ష్వార్ట్జ్ సంపాదకత్వమున పత్రిక వెలువడెను. సొంతముగా సభ తీర్చుకొనుటకు మాత్రము 1975 వఱకు నాగవలసి వచ్చెను. అది బఫెలో నగరమున జరిగినది.

ఈ చరిత్రమున మాకు మిక్కిలి ముఖ్యముగా దోచినది మార్క్ గెలాంటర్ కృషి. ఈయన 1957 లో భారతదేశమునకు వచ్చి, అస్పృశ్యతా నిషేధము ఆచరణలో నెట్లున్నదో పరిశీలించెను. కలిగినవారే కోర్టులలో నేల గెలుతురను విషయమున 1974 లో నొక వ్యాసము ప్రకటించెను. భీమా కంపెనీవంటి సంస్థ నిత్యము కోర్టు కెక్కుచుండును. దానికి వకీళ్లు సిద్ధముగా నుందురు, ఒక దావా పోయినను నిబ్బరమున్నది, రాబోవు దావాలకు పనికివచ్చు తీర్పు కొఱకు వేచియుండగలదు. కాలు విఱిగిన కూలివాడో, జన్మమున కొక్కసారి న్యాయస్థానపు మెట్లెక్కును. ఆ యొక్కటి పోయిన సర్వము పోయినట్లే. న్యాయాధిపతి యెంత నిష్పక్షపాతియైనను ఈ యసమానత తొలగదని యాతని వాదము. పలు న్యాయపత్రికలు దీనిని త్రిప్పిపంపెను. తుదకు తాను సంపాదకుడై యున్న పరిషత్పత్రికలోనే యచ్చువేయవలసి వచ్చెను! తన వ్యాసమును తానే ప్రకటించుకొనుట సంపాదకధర్మ మగునా యని శంకించువారుందురు. ఈ యొక్క యెడ మేము శంకింపము.

2004 లో నాతడు జయంత్ కృష్ణన్ అను పండితునితో గూడి మన లోక్ అదాలతులను గూర్చి వ్రాసెను. మోటారు ప్రమాదములలో దెబ్బతిన్నవారు, కోర్టులలోని జాప్యమునకు వెఱచి, తమకు రావలసినదానికంటె తక్కువ సొమ్ముకే సమ్మతించి పోవుచున్నారని యందు చూపెను.