యంత్రానికి మాట నేర్పిన గ్రేస్ హాపర్

 ఇలాంటి సంచికల్లో మనం మన పెద్దల గురించి, పండుగల గురించి, భాష గురించి చదువుకుంటూ ఉంటాం. నేను రాస్తున్నదీ భాష గురించే. కాని ఇది మనుషులకు కాక యంత్రాలకు మాట నేర్పిన ఒక స్త్రీ కథ. ఆమె పేరు గ్రేస్ హాపర్. ఎక్కడి అమెరికా, ఎక్కడి తెలుక్ ఇంటాన్, ఆమెతో మనకేం పని అని కొందరు అనుకోవచ్చు. చివరిదాకా చదివితే పని ఉందని మీరే అంటారు.

మన తాతముత్తాతలు విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి ఓడలెక్కి వచ్చి ఈ పేరాక్ దిగువ ప్రాంతపు తోటల్లో పనిచేశారు. వాళ్ల కూలి లెక్క చెక్‌రోల్ పుస్తకంలో ఉండేది. దొరది ఒక భాష, కిరాణిది ఒక భాష, కూలివాడిది ఇంకొక భాష. పుస్తకంలో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేసి జీతం తీసుకున్న సంగతి మా తాతగారు చెబుతుండేవారు. లెక్క కళ్లెదుటే ఉన్నా, దాని భాష రాకపోతే అది మనది కాదు. కంప్యూటర్లు పుట్టిన కొత్తలో గొప్ప చదువులు చదివిన ఆఫీసర్ల పరిస్థితి కూడా దాదాపు ఇంతే. ఆ పరిస్థితిని మార్చాలని పట్టుబట్టినవారిలో గ్రేస్ హాపర్ ముందు వరుసలో నిలుస్తారు.

ఆమె 1906 డిసెంబర్ 9న న్యూయార్కులో పుట్టారు. ఏడేళ్ల వయసులో అలారం గడియారం ఎలా పనిచేస్తుందో చూద్దామని విప్పారు. తిరిగి బిగించడం రాలేదు. ఇంకొకటి విప్పారు. అలా ఇంట్లోని ఏడు గడియారాలూ విప్పేశాక తల్లి చూసి, ఇక ఒక్కదానితోనే సరిపెట్టుకోమన్నారట. ఆడపిల్లకు ఇదేం పని అని ఆపలేదు, అదే గొప్ప. వాసర్ కళాశాలలో గణితం, భౌతికశాస్త్రం చదివి, 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేట్ పొందారు. వాసర్‌లోనే అధ్యాపకురాలయ్యారు.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. హాయిగా పాఠాలు చెప్పుకోవలసిన ఆమె నౌకాదళంలో చేరతానన్నారు. వయసు మీరిందన్నారు, బరువు చాలదన్నారు. పట్టు విడవక 1943 డిసెంబర్‌లో ప్రత్యేక అనుమతితో చేరారు. ఇక్కడ మన తెలుగింటి ఆడపడుచును ఒకరిని తలచుకోవాలి. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, చంటిబిడ్డను పెంచుకుంటూ, మద్రాసు గిండీ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన అయ్యలసోమయాజుల లలితగారు తన కోర్సు ముగించింది కూడా ఆ 1943లోనే. లోకం ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు, ఒకే కాలంలో ఒకే రకం తలుపు తట్టారన్నమాట.

1944లో హాపర్‌ను హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని మార్క్ 1 అనే యంత్రం దగ్గరకు పంపారు. అది 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు. దానికి పని చెప్పాలంటే ప్రతి ఆజ్ఞనూ కాగితపు టేపు మీద చిల్లుల రూపంలో కొట్టాలి. ఒక్క చిల్లు తప్పితే లెక్కంతా తప్పు. ఆ యంత్రాన్ని నడపడం ఎలాగో వివరించే 500 పేజీలకు పైగా ఉన్న పుస్తకాన్ని తయారుచేయడంలో ఆమెదే పెద్ద చేయి. 1947లో మార్క్ 2 యంత్రంలో ఒక చిమ్మట పురుగు ఇరుక్కోవడం, దాన్ని తీసి పనిపుస్తకంలో అంటించడం చాలామంది విన్న కథే. ఆ పురుగును పట్టింది ఆమె కాదు. ఆ కథను ఊరూరా చెప్పి ప్రసిద్ధం చేసింది మాత్రం ఆమే.

1949లో ఆమె యూనివాక్ కంప్యూటర్‌ను తయారుచేస్తున్న ఎకర్ట్, మాక్లీల కంపెనీలో చేరారు. అక్కడ ఒక సంగతి గమనించారు. ప్రోగ్రాం రాసేవాళ్లు ఇదివరకే సరిగ్గా రాసిన భాగాలను ఒకరి నోటుపుస్తకంలోంచి ఒకరు ఎత్తి రాసుకునేవారు. అలా ఎత్తి రాయడంలోనే తప్పులు దొర్లేవి. ఈ ఎత్తిరాత పనిని యంత్రమే ఎందుకు చేయకూడదు అన్నది ఆమెకు వచ్చిన ఆలోచన.

దీన్ని మన వంటింటి మాటలో చెబుతాను. కోడలికి అత్తగారు "పప్పుకు తాళింపు వెయ్యమ్మా" అంటారు. నూనె కాచు, ఆవాలు వెయ్యి, చిటపటలాడాక ఎండుమిరప వెయ్యి, కరివేపాకు వెయ్యి అని ప్రతిసారీ చెప్పరు. "తాళింపు" అన్న ఒక్క మాటలో అవన్నీ ఇమిడి ఉన్నాయి. హాపర్ 1952లో పూర్తిచేసిన ఎ-0 అనే ప్రోగ్రాం చేసింది సరిగ్గా ఇదే. సిద్ధంగా ఉన్న పనులను టేపు మీద దాచి, ఒక్కొక్కదానికి ఒక గుర్తు పెట్టారు. మనిషి ఆ గుర్తులు వరుసగా ఇస్తే చాలు, యంత్రమే వాటిని వెతికి తెచ్చి కూర్చుకునేది. దీనికి ఆమె కంపైలర్ అని పేరు పెట్టారు. కంప్యూటర్ కూడికలు, తీసివేతలు చేస్తుందే గాని ప్రోగ్రాములు రాస్తుందా అని చాలామంది కొట్టిపారేశారు.

ఆమె అంతటితో ఆగలేదు. గణితజ్ఞులకు గుర్తులు ఇష్టమే. జీతాల లెక్కలు, సరుకుల లెక్కలు చూసుకునేవారికి మాటలు కావాలి. కాబట్టి మాటల్లోనే ఆజ్ఞలు ఇవ్వగల పద్ధతి కావాలని యాజమాన్యాన్ని అడిగారు. కంప్యూటర్‌కు ఇంగ్లీషు అర్థం కాదని జవాబు వచ్చింది.

తరువాత జరిగినది మన సంఘం వారందరూ వినదగినది. చేసి చూపిద్దామని ఆమె బృందం ఒక చిన్న ప్రోగ్రాంను ఇంగ్లీషు మాటలతో రాసి నడిపించింది. అదే ప్రోగ్రాంను ఫ్రెంచి మాటలతో, ఆ తరువాత జర్మన్ మాటలతో రాసి నడిపించింది. యంత్రానికి అన్నీ ఒక్కటే, ఏ మాటైనా దానికి ఒక గుర్తు మాత్రమే. పెద్దలు మెచ్చుకుంటారనుకుంటే కంగారుపడ్డారు. అమెరికాలో తయారైన కంప్యూటర్‌కు ఫ్రెంచి, జర్మన్ ఎలా వస్తాయన్నారు. ఇంగ్లీషు ఒక్కటే వాడతామని వారికి నచ్చజెప్పుకోవలసి వచ్చిందని 1978లో ప్రోగ్రామింగ్ భాషల చరిత్రపై జరిగిన సదస్సులో హాపర్ స్వయంగా చెప్పారు. యంత్రానికి లేని భాషాభేదం మనుషులకు ఉంది!

ఆ ప్రయత్నం నుంచే ఫ్లో-మాటిక్ అనే భాష వచ్చింది. ఇంతలో 1957లో ఐ.బి.ఎం.లో జాన్ బేకస్ బృందం శాస్త్రీయ లెక్కలకు ఫోర్ట్రాన్ భాషను తెచ్చింది. వ్యాపార లెక్కలకు మాత్రం ఒక్కో కంపెనీ యంత్రానికి ఒక్కో పద్ధతి. యంత్రం మారిస్తే ప్రోగ్రాములన్నీ మళ్లీ రాయాలి. అన్ని యంత్రాలకూ ఒకే భాష కావాలని 1959లో మేరీ హాస్ అనే ప్రోగ్రామర్ చొరవ తీసుకున్నారు. ఆ సంవత్సరం మే నెలలో అమెరికా రక్షణశాఖ ఆధ్వర్యంలో సమావేశం జరిగింది. అలా పుట్టిందే కోబాల్. హాపర్‌ను కోబాల్ తల్లి అంటారు గాని, దాన్ని రాసిన సంఘంలో జీన్ సామెట్, గెర్‌ట్రూడ్ టీర్నీ మొదలైనవారు ఉన్నారు. హాపర్ సలహాదారు. ఆమె ఫ్లో-మాటిక్ ఆ భాషకు పునాది. 1960 డిసెంబర్‌లో ఒకే కోబాల్ ప్రోగ్రాం రెండు వేర్వేరు కంపెనీల యంత్రాల మీద నడిచి అందరినీ మెప్పించింది.

నేను చాలా ఏళ్లు ఒక ఆఫీసులో కోబాల్ రాసి బతికినదాన్ని. అందులో ఒక వాక్యం ఇలా ఉంటుంది: సబ్‌ట్రాక్ట్ అడ్వాన్స్ ఫ్రమ్ వేజెస్ గివింగ్ నెట్-పే. అంటే కూలిలోంచి అడ్వాన్సు తీసివేసి, మిగిలింది చేతికిచ్చే జీతంగా రాయి. మా తాతగారి చెక్‌రోల్ లెక్క అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. ఇంగ్లీషు చదవడం వచ్చినవారు ఎవరైనా దీన్ని చదివి, తప్పుంటే నిలదీయగలరు. హాపర్ కోరుకున్నది అదే.

ఈ కోబాల్ మన జాతికీ అన్నం పెట్టింది. పాత ప్రోగ్రాముల్లో చోటు ఆదా చేయడానికి సంవత్సరాన్ని రెండే అంకెల్లో రాసేవారు. 2000 వస్తే అది 1900 అనుకుంటుందేమోనన్న భయంతో లోకమంతా వాటిని సరిదిద్దే పని పెట్టుకుంది. 1990ల చివర హైదరాబాదు అమీర్‌పేట సందుల్లో కోబాల్ నేర్చుకున్న తెలుగు పిల్లలెందరో ఆ పని మీద విదేశాలకు వెళ్లారు. మన పెద్దలు కండబలంతో సముద్రం దాటారు, ఆ పిల్లలు ఒక భాష నేర్చుకుని దాటారు.

మరి మన తెలుగు మాట? ఇక్కడ తెలుగులో ఒక కరపత్రం కావాలంటే చేతిరాతతో స్టెన్సిల్ మీద గీసి, సైక్లోస్టైల్ తిప్పిన రోజులు నాకు గుర్తున్నాయి. 1991 అక్టోబర్‌లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో మన అక్షరాలకు చోటు దొరికింది. ప్రపంచంలోని ప్రతి లిపిలోని ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇవ్వాలన్నది దాని ఆశయం. ఆ తరువాత మూడు నెలలకే, 1992 జనవరి 1న హాపర్ కన్నుమూశారు. 1986లో 79వ ఏట నౌకాదళం నుంచి రియర్ అడ్మిరల్‌గా విరమించిన ఆమెకు 2016లో, మరణానంతరం, అమెరికా అత్యున్నత పౌర పురస్కారం లభించింది.

ఆమె ఆఫీసు గోడ మీద గడియారం వెనక్కి తిరిగేదట. వాలుగోపురం గడియారాన్ని రోజూ చూసే మన ఊరివాళ్లకు అదో వింతగా తోస్తుంది. ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నాం అన్న మాటను ఆమె ఒప్పుకునేవారు కాదు. ముళ్లు ఎటు తిరిగినా టైము చదవవచ్చని చూపడానికే ఆ గడియారం.

మన ఇళ్లలో కూడా ఒక అలవాటు మాట ఉంది. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడానికే, చదువుకూ కంప్యూటర్‌కూ ఇంగ్లీషు, మలాయ్ చాలు అంటాం. ఆ భాషలు పిల్లలకు కావలసినవే, కాదనను. కాని యంత్రానికి మాతృభాష లేదని 1950లలోనే హాపర్ చేసి చూపారు. నేడు మన చేతిలోని ఫోనుకు అఆలు అన్నీ వచ్చు. దాన్ని అడగవలసింది మనమే. ఈ ఉగాదికి మీ పిల్లల చేత వాళ్ల తాతమ్మ పేరు, ఆమె పుట్టిన ఊరి పేరు ఫోనులో తెలుగు అక్షరాలతో కొట్టించండి. చెక్‌రోల్‌లో వేలిముద్రగా మిగిలిన మనిషి అక్కడ తన సొంత అక్షరాల్లో కనిపిస్తుంది.