గాలి తుపాకి మీద అంకె – కొంత చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. పెన్షను నియమాల గురించి, డి.ఆర్. లెక్కల గురించి నాకంటే బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు గనుక నేను వేరొక విషయం ఎంచుకున్నాను. సర్వీసులో కొంతకాలం కలెక్టరేటులో మెజిస్టీరియల్ సెక్షను చూశాను. ఆయుధ లైసెన్సుల ఫైళ్లు ఆ సెక్షనులోనే నడిచేవి. ఆ రోజులలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న రివాల్వరు గురించీ కాదు, డబుల్ బ్యారెల్ గురించీ కాదు. "ఎయిర్‌గన్‌కు లైసెన్సు కావాలా సార్?" అన్నదే ఆ ప్రశ్న. అక్కర్లేదని వినగానే రెండవది వచ్చేది: "అయితే కుందేళ్లకు, కౌజు పిట్టలకు ఏ నంబరు మంచిది? ఏ గుళ్లు వాడాలి?"

మొదటి ప్రశ్నకు ఒక చట్టం, రెండవ ప్రశ్నకు మరొక చట్టం జవాబు చెబుతాయి. ఈ రెండింటినీ కలిపి ఒకటే అనుకోవడం వలన మంచి కుటుంబాల పిల్లలు కూడా చిక్కులలో పడుతున్నారు. అందుచేత ఈ తుపాకి పూర్వాపరాలు మిత్రుల ముందు ఉంచుతున్నాను.

గాలికి ఎంత బలం

తిరునాళ్లలో, నుమాయిష్‌లో, విశాఖ బీచ్‌లో బెలూన్లు కొట్టే తుపాకిగా మనమందరం ఎరిగినదే గాలి తుపాకి. కాని ఇది ఆటవస్తువుగా పుట్టలేదు. 1780 ప్రాంతంలో బార్తలోమియో జిరార్డోని అనే ఆయన తయారుచేసిన గాలి తుపాకిని ఆస్ట్రియా సైన్యం యుద్ధాలలో వాడింది. దాని మడమ భాగమే గాలి నిలవచేసే సీసా. దానిని నింపడానికి పంపు సుమారు 1500 సార్లు కొట్టవలసి వచ్చేది. ఒకసారి నింపితే ఇరవైకి పైగా గుళ్లు వరుసగా పేల్చవచ్చు. పొగ లేదు, మందు తడిసిపోతుందన్న భయం లేదు. 1804 నుండి 1806 వరకు అమెరికా ఖండాన్ని దాటివెళ్లిన లూయిస్, క్లార్క్‌ల బృందం కూడా ఒక గాలి తుపాకిని వెంట తీసుకుపోయింది.

మనకు తెలిసిన రకం, అంటే స్ప్రింగును బిగించి వదిలేది, ప్రజల చేతికి వచ్చింది ఆ తరువాత వంద సంవత్సరాలకు. ఇంగ్లండులో లింకన్ జెఫ్రీస్ రూపకల్పన ఆధారంగా బి.ఎస్.ఎ. కంపెనీ 1905 నుండి వీటిని తయారుచేయసాగింది. జర్మనీలో రాస్టాట్ పట్టణపు కంపెనీ 'డయానా' అనే పేరుతో అమ్మింది. డయానా అంటే రోమనుల వేట దేవత. ఆ కంపెనీ గుర్తులో ఆ దేవత తన విల్లును పారవేసి గాలి తుపాకిని పైకెత్తి పట్టుకొని ఉంటుంది.

అంకెల అర్థం

తుపాకి మీద 177 అని, 22 అని ఉండే అంకెలు గొట్టం లోపలి వెడల్పును తెలుపుతాయి. 177 అంటే అంగుళంలో వెయ్యింట 177 వంతులు, మన కొలతలో 4.5 మిల్లీమీటర్లు. 22 అంటే అంగుళంలో నూటికి 22 వంతులు, అనగా 5.5 మిల్లీమీటర్లు. 25 అయితే 6.35 మిల్లీమీటర్లు. ఇంగ్లండులో పూర్వం వీటిని వరుసగా ఒకటవ నంబరు, రెండవ నంబరు, మూడవ నంబరు బోరు అనేవారు.

ఇంగ్లండులో కుందేళ్లను, అడవి పావురాలను గాలి తుపాకితో కొట్టే అలవాటు ఎప్పటినుండో ఉంది. ఏ నంబరు మంచిదన్న వాదన కూడా అంత పాతదే. అక్కడ 1969 నాటి నిబంధనల ప్రకారం గాలి రైఫిలు శక్తి 12 ఫుట్ పౌండ్లు దాటితే దానికి తుపాకి సర్టిఫికెట్టు ఉండాలి. 12 ఫుట్ పౌండ్లు అంటే సుమారు 16 జౌళ్లు. శక్తికి ఈ విధంగా ఒక హద్దు పెట్టినప్పుడు, ఆ శక్తిని చిన్న గుండుకు ఇవ్వాలా, పెద్ద గుండుకు ఇవ్వాలా అన్నదే అసలు సమస్య.

చిన్న లెక్క చూద్దాం. 177 గుండు బరువు సుమారు అర గ్రాము. 16 జౌళ్ల శక్తితో అది సెకనుకు దాదాపు 250 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. 22 గుండు బరువు గ్రాముకు కాస్త తక్కువ. అదే శక్తితో దాని వేగం 185 మీటర్ల దగ్గర ఉంటుంది. ముప్పై మీటర్ల దూరం పోయేసరికి చిన్న గుండు గొట్టం వరుస నుండి సుమారు 8 సెంటీమీటర్లు కిందికి దిగితే, పెద్దది 14 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. అందుచేత దూరం అంచనా కొంచెం తప్పినా 177తో గురి నిలుస్తుంది. 22తో తప్పిపోతుంది. కాని తగిలినప్పుడు 22 చేసే గాయం వెడల్పు, అది జంతువును త్వరగా పడగొడుతుంది. పిట్టలకు 177, బొచ్చున్న జంతువులకు 22 అని అక్కడివారు సామెతలాగా చెప్పుకునే మాటకు మూలం ఇదే.

రెండింటికీ వర్తించే నిజం ఇంకొకటి ఉంది. పాయింట్ 22 తూటా రైఫిలు శక్తి నూరు జౌళ్లకు పైమాటే. దానితో పోల్చితే గాలి తుపాకి బలం చాలా స్వల్పం. కుందేలును నొప్పి తెలియకుండా చంపాలంటే తలలో రూపాయి బిళ్లంత చోట గుండు పడాలి. ఆ చోటు తప్పితే అది పొదలోకి పారిపోయి రోజుల తరబడి బాధపడి చస్తుంది. ప్రతి గుండునూ అంత చోట వేయగలిగిన దూరం ఎంతో, అంతవరకే వేట అన్నది ఆ దేశంలో బాధ్యత గల వేటగాళ్లు పెట్టుకున్న నియమం.

గుళ్ల సంగతి

హైదరాబాదు వైపు ఛర్రాలు అంటారు, కోస్తాలో గుళ్లు అంటారు. నడుము సన్నగా, వెనుక భాగం లంగాలాగా విచ్చుకొని ఉండే సీసపు గుండు ఇది. గాలి వెనుకనుండి తోసినప్పుడు ఆ అంచు విచ్చుకొని గొట్టాన్ని బిగుతుగా పట్టుకుంటుంది. మెత్తని లోహం గనుకనే సీసాన్ని ఎంచుకున్నారు.

మూతిని బట్టి రకాలు ఏర్పడ్డాయి. చదును మూతి గుండు కాగితంలో పంచ్ మిషను కొట్టినట్టు గుండ్రని రంధ్రం చేస్తుంది. అందుకే పోటీలలో అది వాడతారు. కాని దూరం పోయేకొద్దీ దాని వేగం తొందరగా తగ్గుతుంది. గుండ్రని మూతి గుండు గాలిని బాగా చీల్చుకొని దూరం పోయినా గురి నిలుపుకుంటుంది. ఇంగ్లండు వేటగాళ్లు ఎక్కువగా కోరేది దీనినే. మొన తేలిన గుండు చూడడానికి భయంకరంగా ఉంటుంది గాని, మొన ఏమాత్రం వంకరపోయినా గురి చెడుతుంది. మూతిలో గుంట ఉన్న గుండు తగలగానే విచ్చుకొని వెడల్పు గాయం చేస్తుంది, అయితే తగినంత వేగం ఉంటేనే.

సీసం గురించి ఒక మాట. సీసం ఎంత కొద్దిగా ఒంట్లోకి పోయినా ప్రమాదం లేదని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లల మెదడుకు అది మరీ చేటు. గుళ్లు నోట్లో పెట్టుకొని ఒక్కొక్కటిగా తీసి గన్‌లో వేసే అలవాటు ఎక్కడ కనిపించినా మాన్పించాలి. గుళ్లు ముట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

రెండు చట్టాలు

ఇక మన ఆఫీసు భాషలోకి వద్దాం. 1878 నాటి ఆయుధ చట్టం స్థానంలో 1959 ఆయుధ చట్టం వచ్చి, 1962 అక్టోబరు 1 నుండి అమలైంది. అందులో తుపాకి నిర్వచనం చూస్తే, మందు వలన గాని, ఇతర శక్తి వలన గాని గుండును వదిలే ఆయుధం అని ఉంటుంది. 'ఇతర శక్తి' అన్న ఆ రెండు మాటల వలన గాలి తుపాకి కూడా చట్టం దృష్టిలో తుపాకే. తక్కువ శక్తి గలవాటిని ప్రభుత్వం నోటిఫికేషను ద్వారా లైసెన్సు నుండి మినహాయించింది. 2016 ఆయుధ నియమాలు దీనిని స్పష్టంగా చెప్పాయి: గొట్టం 4.5 మిల్లీమీటర్లు దాటినా, శక్తి 20 జౌళ్లు దాటినా లైసెన్సు తప్పనిసరి. అంటే మన దేశంలో 177కు మాత్రమే మినహాయింపు ఉంది, అదీ బలం హద్దులో ఉంటేనే. 22 నంబరు గాలి తుపాకి ఎంత బలహీనమైనదైనా లైసెన్సు కావాలి.

ఇది వేటకు పనికివచ్చే నంబరని ఇచ్చిన మినహాయింపు కాదు. ప్రమాదం తక్కువ గనుక ఇచ్చినది. ఈ తేడాయే మనవారు గమనించవలసినది.

రెండవ ఫైలు అటవీశాఖది. అడవి పక్షుల రక్షణకు 1887లోనే ఒక చట్టం ఉంది. 1912 చట్టం పక్షులకు, జంతువులకు వేట నిషేధ కాలాన్ని ఏర్పరచింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అందులో మొదట్లో 'చిన్న వేట లైసెన్సు' అనేది ఒకటి ఉండేది. నాలుగవ షెడ్యూలులోని కుందేలు, కౌజు, బురక పిట్ట వంటివాటిని షరతులకు లోబడి వేటాడడానికి అది ఇచ్చేవారు. 1991 సవరణతో ఆ లైసెన్సులన్నీ రద్దయి, మొదటి నాలుగు షెడ్యూళ్ల జంతువుల వేట నిషిద్ధమైంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలైంది. దానితో షెడ్యూళ్లు ఆరు నుండి నాలుగుకు తగ్గాయి గాని, వేట మీద నిషేధం తగ్గలేదు.

కాబట్టి చేతిలోని గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేకపోయినా, దానితో కుందేలును కొడితే నేరమే. కుందేళ్లకు ఏ నంబరు మంచిదన్న ప్రశ్నకు 1991 తరువాత మన దేశంలో జవాబు ఒక్కటే: ఏ నంబరూ కాదు.

ఒక పిచ్చుక, ఒక కాగితం

గాలి తుపాకి ఒక మంచి పని చేసిన కథ కూడా చెప్పాలి. 1908 ప్రాంతంలో బొంబాయిలో ఒక బాలుడు తన బొమ్మ ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేమి పిట్ట అని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీని అడిగాడు. ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్‌గారు ఆ పిల్లవానికి బీరువాలు తెరిచి పక్షులను చూపించారు. ఆ బాలుడే డాక్టర్ సలీం అలీ. 1931 ప్రాంతంలో నిజాం హైదరాబాదు సంస్థానంలోని పక్షులను సర్వే చేసినవారు కూడా ఆయనే. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. పిట్టను కొట్టిన చేయి కంటే, ఇదేమి పిట్ట అని అడిగిన ప్రశ్న గొప్పదని నా అభిప్రాయం.

రెండవది కాగితం మీది కథ. 1984 నుండి ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ ఉంది. వాడేది మన 177 నంబరే, చదును మూతి గుండే. లక్ష్యం మధ్యలోని పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. ఈ పోటీలో 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణ పతకం, 2012లో లండనులో మన హైదరాబాదు కుర్రవాడు గగన్ నారంగ్ కాంస్య పతకం గెలిచారు. ఒక్క ప్రాణీ పోలేదు, దేశానికి పేరు వచ్చింది.

మూడవ ఉదాహరణ ఈశాన్యం నుండి. వేట అనాదిగా జీవితంలో భాగమైన అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో ఎయిర్‌గన్లు స్వచ్ఛందంగా అప్పగించే కార్యక్రమం మొదలైంది. ప్రజలు రెండువేలకు పైగా గన్లు తెచ్చి ఇచ్చారు. చట్టం భయంతో కాదు, అడవిలో పిట్టల కూత తగ్గిపోయిందని గ్రహించి ఇచ్చారు.

సభ్యులకు మనవి

మన ఇళ్ల అటకల మీద పాత ఎయిర్‌గన్లు ఇంకా కొన్ని ఉన్నాయి. దించి చూడండి. 177 లేదా 4.5 అని ఉంటే సరే. 22 లేదా 5.5 అని ఉంటే, విదేశాల నుండి అబ్బాయి తెచ్చినదైనా సరే, ఆలస్యం చేయకుండా స్థానిక పోలీసు స్టేషనులో విచారించి సక్రమం చేయించుకోండి. కోతుల బాధ పడలేక గన్ కొనదలచిన మిత్రులు చాలామంది ఉన్నారు. కోతి గుండుకు చాలాసార్లు చావదు, గాయపడి మరింత కోపంతో తిరిగి రావచ్చు. అదీగాక 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ఎప్పుడూ ఉండనే ఉంది.

మనుమలకు గురి చూసే సరదా ఉంటే షూటింగ్ క్లబ్బులో చేర్చండి. ఇంట్లో అయితే కాగితపు లక్ష్యం పెట్టి, వెనుక గుండును పట్టుకునే గోనెసంచి ఇసుక మూట ఉంచి, పెద్దవారు పక్కనే నిలబడండి. రాయికి, గోడకు తగిలిన గుండు వెనక్కి ఎగిరి కంటికి తగిలే ప్రమాదం ఉంది. గుండు ఉన్నా లేకపోయినా గొట్టాన్ని మనిషి వైపు తిప్పనివ్వకండి.

ఈ విషయాలు మన కుటుంబాలలోని పిల్లలకు చదివి వినిపిస్తారని ఆశిస్తూ, సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.