లక్కపిడతల వెనక ఉన్న చెట్టు

మాది కె.కోటపాడు. చిన్నప్పుడు ఇంట్లో లక్కపిడతలు, కుంకుమ భరిణె, బొంగరం ఉండేవి. అవి మా జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక నుంచి వచ్చాయని తెలుసు గానీ, ఏ కర్రతో చేస్తారో ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆ కర్ర అంకుడు. శాస్త్రీయనామం రైటియా టింక్టోరియా. దీన్ని హార్డ్‌వుడ్ అంటే నాకూ మొదట అర్థం కాలేదు, ఎందుకంటే కర్ర అంత గట్టిదేం కాదు. వృక్షశాస్త్రంలో హార్డ్‌వుడ్ అంటే గట్టి కర్ర అని కాదట, దేవదారు, పైన్ జాతులు కాకుండా పూలు పూసే చెట్ల కర్ర అని. ఆ లెక్కన కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కూడా హార్డ్‌వుడ్డే! కాకపోతే పొణికి మరీ తేలిక. దాన్ని ఉలితో చెక్కి, ముక్కలు అతికిస్తారు. అంకుడు దానికన్నా బిగువు, సన్నటి పోగు. అందుకే తరిమెన మీద నున్నగా తిరుగుతుంది. కర్ణాటకలో చన్నపట్న బొమ్మలకీ ఇదే కర్ర.

తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. కర్ర తెల్లన కాబట్టి రంగు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.

మధ్యలో రసాయన రంగులు వచ్చి, పసుపు, జాఫ్రా లాంటి సహజ రంగులు వెనక్కి పోయాయి. వాటిని మళ్ళీ తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది సి.వి.రాజు గారిని. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ బొమ్మలే.

ఇంతవరకూ బావుంది. కానీ చుట్టుపక్కల కొండల్లో అంకుడు తగ్గిపోతోందనీ, కర్ర దొరకడం కష్టమవుతోందనీ పనివాళ్ళు ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. భౌగోళిక గుర్తింపు పేరుని కాపాడుతుంది, చెట్టుని కాదు. మన భాషలో చెప్పాలంటే, ప్రోడక్టుకి అవార్డులొస్తున్నాయి, అది ఆధారపడ్డ లైబ్రరీని మాత్రం ఎవరూ మెయింటైన్ చెయ్యట్లేదు.

నిజానికి అంకుడు మొండి చెట్టు. మోడు మిగిల్చి కొడితే మళ్ళీ చిగురేస్తుంది. దీని ఆకుల నుంచి నీలిరంగు కూడా తీసేవారు, టింక్టోరియా అన్న పేరు అందుకే. అంటే కర్రా, రంగూ రెండూ ఒక్క చెట్టే ఇవ్వగలదు. మనం చెయ్యాల్సిందల్లా దాన్ని నాటడం, కొట్టిన చోట మళ్ళీ ఎదిగేదాకా ఆగడం. బొమ్మ కొని షోకేసులో పెట్టుకుంటే సగం పనే అయినట్టు.