కాలలూ కథ
మా ఆదోని సంత నుంచి తోటకూర తెస్తే "మళ్లీ ఇదేనా అమ్మా?" అంది అమ్మాయి. అప్పుడు కాలలూ గురించి చెప్పాను.

ఆఫ్రికా నుంచి కరీబియన్ దీవులకు బానిసలుగా తెచ్చినవాళ్లు దొరికిన ఆకులతో కాచుకున్న చారు అది. ట్రినిడాడ్‌లో చేమాకు, బెండకాయలు, కొబ్బరిపాలు, మిరపకాయ వేసి ఉడికించి మెత్తగా మెదుపుతారు. చేమాకు బాగా ఉడకాలి, లేకుంటే గొంతు దురద. జమైకాలో కాలలూ అంటే మన తోటకూర జాతే!

1845 మే 30న మన దేశపు కూలీల తొలి ఓడ ట్రినిడాడ్ చేరింది. తర్వాత మద్రాసు నుంచి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల మనవళ్ల నాటికి ఇంట్లో తెలుగు పోయింది. కాలలూ మాత్రం ఇప్పటికీ అక్కడ ఆదివారం భోజనంలో ఉంటుంది.

అమ్మాయి ఏమీ అనలేదు. జొన్నరొట్టెలోకి ఇంకో గరిటె తోటకూర వేయించుకుంది.