స్కైలాబు రాత్రి



సాయంత్రం పూట మీ పిల్లలు టీవీ ముందు చేరి, ఏ లోకం నుంచో ఎవరో వచ్చి భూమిని పట్టుకునే కథ చూస్తూ ఉంటే, వంటింట్లోంచి మీరు "ఆ గోల కాస్త తగ్గించండర్రా" అని కేకేసే ఉంటారు. నేనూ వేశాను. కాని ఈమధ్య మా చిన్నబ్బాయి పట్టుబట్టి నా చేత అటువంటి పాత సీరియల్ ఒకటి మొదలు నుంచి చివరి దాకా చూపించాడు. 1964 నవంబరు, డిసెంబరు నెలల్లో ఇంగ్లండులో బి.బి.సి. వాళ్ళు శనివారం శనివారం ఆరు భాగాలుగా వేసిన కథ అది. 'డాక్టర్ హూ' అనే సీరియల్‌లోది. డాలెక్‌లు అనే యంత్రాల్లాంటి జీవులు లండన్ నగరాన్ని ఆక్రమించుకుంటాయి. పాడుబడిన వీధులు, వంతెన మీద కాపలా తిరిగే డాలెక్‌లు, తమ బుద్ధి పోగొట్టుకుని వాటికి ఊడిగం చేసే మనుషులు. రంగులు లేవు, గొప్ప హంగులూ లేవు. అయినా చూస్తున్నంత సేపూ చెయ్యి చల్లబడుతుంది.

ఒక మాట మీకు తప్పక చెప్పాలి. ఆ సీరియల్‌ని నిర్మించింది వెరిటీ లాంబర్ట్ అనే అమ్మాయి. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. చుట్టూ మగవాళ్ళే ఉన్న ఆఫీసులో కూర్చుని అంత పని నడిపించింది. అంతకు ముందటి ఏడు దీని మొట్టమొదటి కథకు దర్శకత్వం వహించినది మన లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. ఆయన తల్లి అతియా హుస్సేన్ నవలా రచయిత్రి, బి.బి.సి. రేడియోలో మాట్లాడిన మనిషి. రేడియో ముందు కూర్చున్న ఆడవాళ్ళం కనుక మన చుట్టరికం కూడా కాస్త చెప్పుకుంటే తప్పులేదు కదండీ!

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ కథలో డాలెక్‌లు తిన్నగా దిగవు. ముందు ఆకాశం నుంచి ఉల్కలు పడతాయి. ఆ వెనుక జనం రోగాలతో పోతారు. అంతా అయిన తరువాతనే దండు దిగుతుంది. ఆ ఉల్కల మాట వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే, ఆకాశం నుంచి ఏదో పడుతుందని మా వరంగల్లు జిల్లా అంతా నిద్ర మానుకున్న రోజులు నాకు తెలుసు. అది కథ కాదు. 1979 జూలై. అప్పుడు నేను హనుమకొండలో ఏడో తరగతి చదువుతున్నాను.

ఆ పడబోయేదాని పేరు స్కైలాబ్. మా వైపు అందరూ స్కైలాబు అనేవాళ్ళు. కొందరు ముసలమ్మలు అదొక మనిషి పేరనే అనుకున్నారు.

ఇంతకీ అది ఏమిటంటారా? అమెరికావాళ్ళు 1973 మే 14న ఆకాశంలోకి పంపిన ఇల్లు. ఇల్లు అని ఊరికే అనలేదండీ. ముగ్గురు మనుషులు నెలల తరబడి కాపురం ఉండటానికి కట్టినది. అన్నం తినటానికి బల్ల, గడ్డకట్టించిన పదార్థాలు దాచుకునే పెట్టె, పడుకోవటానికి చిన్న చిన్న గదులు, స్నానం చెయ్యటానికి కూడా ఏర్పాటు. పైకి పోతూ ఉండగానే దాని గోడకు కప్పిన రేకు ఊడిపోయి, లోపల ఉడుకెత్తిపోయింది. పదకొండు రోజుల తరువాత వెళ్ళిన మొదటి ముగ్గురు లోపలి నుంచి గొడుగు వంటిదొకటి బయటికి చాపి నీడ చేశారు. ఎండాకాలం డాబా మీద మనం గోనెపట్టాలు పరచుకోమూ, అలాగన్న మాట. రెండవసారి వెళ్ళినవాళ్ళు రెండు సాలెపురుగుల్ని వెంట తీసుకుపోయారు. బరువు తెలియని చోట సాలెపురుగు గూడు అల్లగలదా అని ఒక హైస్కూలు అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు కోసం. మొదట తడబడ్డా, అల్లింది. మొత్తం తొమ్మిది మంది మూడు విడతలుగా 171 రోజులు అక్కడ ఉండి, 1974 ఫిబ్రవరి 8న తాళం వేసి వచ్చేశారు.

అక్కడ మొదలయింది తంటా. ఖాళీ ఇల్లు పైన తిరుగుతూనే ఉంది. తరువాత వచ్చే స్పేస్ షటిల్ దాన్ని ఇంకొంచెం పైకి నెడుతుందని అనుకున్నారు. ఆ షటిల్ తయారవటం ఆలస్యమయింది. అది మొదటిసారి ఎగిరింది 1981లో. ఈలోగా సూర్యుడి మీద అలజడి అనుకున్నదానికంటే ఎక్కువయింది. అటువంటప్పుడు పై గాలిపొర వేడెక్కి ఉబ్బుతుంది. ఉబ్బిన గాలి స్కైలాబ్‌కు తగిలి వేగం తగ్గించింది. వేగం తగ్గితే కిందికి దిగటమే. అలా 77 టన్నుల సామాను దిగటం మొదలుపెట్టింది. అది భూమిని గంటన్నరకు ఒక చుట్టు చుట్టేది. భూమధ్యరేఖకు అటు 50 డిగ్రీలు, ఇటు 50 డిగ్రీల మధ్య ఎక్కడైనా సరే దాని దారి కిందికే వస్తుంది. మన వరంగల్లు 18వ డిగ్రీ దగ్గర ఉంది. అంటే భయపడిన వాళ్ళది ఉత్త భయమేమీ కాదు.

ఆ నెల ఆషాఢం. కొత్త కోడళ్ళు పుట్టిళ్ళకు వచ్చిన నెల. మా వీధిలో అటువంటి అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. "పోతే పోతం, ఒక్క కాడ ఉండి పోదాం" అని అల్లుళ్ళను పిలిపించుకున్న వాళ్ళూ ఉన్నారు, ఆషాఢం పట్టింపు పక్కకు పెట్టి! అత్తగారి ఎదుట అల్లుడు ఉండకూడని నెలలో అత్తగారే కోడిని కోసి వండిపెట్టింది. ఊళ్ళలోనైతే చెప్పనక్కరలేదు. కోళ్ళు, మేకలు ఎక్కడివక్కడ కోసుకు తిన్నారు. అప్పిచ్చినవాడు అడిగితే "స్కైలాబు పడినంక ఇస్త" అన్నవాళ్ళున్నారు. గుళ్ళలో అర్చనలు, ఇళ్ళలో భజనలు. మా బాపు బడిపంతులు. గోడ మీద బొగ్గుతో భూగోళం గీసి ఇరుగుపొరుగులకు వివరం చెప్పబోయాడు. భూమిలో మూడు వంతులు నీళ్ళే కదా, నీళ్ళలోనే పడుతుంది పొమ్మన్నాడు. "మిగిలిన ఒక్క వంతుల మనం ఉన్నం గద సారూ" అన్నారు వాళ్ళు. బాపు దగ్గర దానికి జవాబు లేదు.

మా ఇంటికి ఆకుకూరలు తెచ్చే అవ్వ ఒకామె ఉండేది. పట్నం అంచున ఉన్న పల్లె నుంచి తెల్లవారుజామున గంప నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది. మొగుడు లేడు, కొడుకు సరిగా చూడడు. ఆమెకు ఉన్న ఆస్తి ఆరు మేకలు, ఒక మనుమరాలు. స్కైలాబు పడుతుందన్న వారంలో ఒకనాడు గంప దించుతూనే చెప్పింది, నాలుగు మేకలు అమ్మేశానని. ఎంతకు అమిందో విని మా అమ్మ నుదురు కొట్టుకుంది. సగం ధర కూడా కాదు. భయం లేనివాళ్ళు కొందరు ఊళ్ళ మీద పడి, భయపడేవాళ్ళ దగ్గర అట్లా కొనుక్కుపోయారు. వాళ్ళకు లోకం ఉంటుందని తెలుసు మరి.

"అవ్వా, మన మీద పడదంట. రేడియోల చెప్పిన్రు" అంది మా అమ్మ.

"మరెక్కడ పడతదో చెప్పిన్రా బిడ్డా?"

మా అమ్మ మాట్లాడలేదు. ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేదు. అమెరికా సంస్థే చెప్పలేకపోయింది. ఎవరో ఒక మనిషికి ముక్క తగిలే అవకాశం 152లో ఒక వంతు అని వాళ్ళు లెక్క కట్టారు. ఫలానా మనిషికే తగిలే అవకాశం 60 వేల కోట్లలో ఒక వంతట. ఈ రెండో లెక్క వింటే గుండె కుదుటపడుతుంది, మొదటిది వింటే పడదు. పత్రికలలో ఎక్కువగా కనబడింది ఏదో మీరు ఊహించుకోవచ్చు.

"ఆ పైసలేం చేసినవ్?" అని అడిగింది అమ్మ. అవ్వ కొంగు ముడి విప్పింది. అందులో వెండి పట్టగొలుసుల జత. "సస్తే అందరం సస్తం గద బిడ్డా. పోరి కాళ్లకు ఎండి గొలుసులు ఏసుకోకుంటనే పోవాల్నా?" అంది.

జూలై 11, బుధవారం. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ పడుకోలేదు. లోపల పడుకుంటే ఇల్లు కూలుతుందని కొందరు, బయట పడుకుంటే నెత్తిన పడుతుందని కొందరు. మా అవ్వ, అంటే బాపు తల్లి, గడప మీద కూర్చుంది, అటూ ఇటూ కాకుండా! పున్నమి వెళ్ళి రెండు రోజులే. మబ్బుల్లోంచి చంద్రుడు బయటపడినప్పుడల్లా పిల్లలం "అదిగో" అని అరిచి దెబ్బలు తిన్నాం. బాపు ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకుని, అరుగు మీద అటూ ఇటూ తిరిగాడు.

నిజానికి మన గడియారం రాత్రి పది దాటి ఏడు నిమిషాలయేసరికి అంతా అయిపోయింది. చివరి చుట్టు మన మీదుగా రానేలేదు. అమెరికాలో కూర్చున్నవాళ్ళు దాన్ని పల్టీలు కొట్టించి, ఆఫ్రికా ఖండం కొసన దూరంగా సముద్రంలో పడేట్టు చూశారు. కాని అనుకున్నంత తొందరగా అది విరగలేదు. ఇంకా ముందుకు పోయి, హిందూ మహాసముద్రంలో కొంత, ఆస్ట్రేలియా పడమటి భాగంలో ఎస్పెరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల కొంత రాలింది. ఒక్క మనిషికి గాయం కాలేదు. ఆ ఊరివాళ్ళు మహా గడుసువాళ్ళు. మా ఊళ్ళో చెత్త వేశారని అమెరికా సంస్థకు 400 డాలర్ల జరిమానా రాసి చేతికిచ్చారు. ముప్ఫై ఏళ్ళ తరువాత, 2009లో, అమెరికాలో ఒక రేడియో కార్యక్రమం శ్రోతలు చందాలు వేసుకుని అది కట్టారు. అక్కడి కుర్రవాడొకడు, పదిహేడేళ్ళవాడు, పెరట్లో దొరికిన ముక్కలు పట్టుకుని విమానమెక్కి అమెరికా పోయి, ఒక పత్రిక ప్రకటించిన 10,000 డాలర్ల బహుమతి తెచ్చుకున్నాడు. ఒకరికి పెరట్లో లక్ష్మి దిగింది, ఇంకొకరికి దొడ్లో మేకలు పోయాయి. రెండింటికీ కారణం ఒకటే స్కైలాబు.

ఇది చెబుతుంటే మా అబ్బాయి నవ్వాడు, ఎంత అమాయకులమ్మా మీరు అని. నాకు కోపం వచ్చింది. చదువుకున్న దేశాల సంగతి వాడికి చెప్పాను. 1938 అక్టోబరు 30 రాత్రి అమెరికా రేడియోలో ఆర్సన్ వెల్స్ అనే ఇరవై మూడేళ్ళవాడు ఒక నాటకం వేశాడు. హెచ్.జి. వెల్స్ 1898లో అచ్చు వేసిన నవలను తీసుకుని, అంగారక గ్రహం వాళ్ళు న్యూజెర్సీలో దిగినట్టు వార్తల ధోరణిలో చదివించాడు. మధ్యలో రేడియో పెట్టినవాళ్ళు నిజమే అనుకున్నారు. దేశమంతా రోడ్లెక్కి పరుగెత్తిందని మర్నాడు పత్రికలు రాశాయి. అంత జరగలేదని, రేడియో మీద అసూయతో పత్రికలు దాన్ని పెంచి రాశాయని తరువాతి చరిత్రకారులు తేల్చారు. కాని 1949లో ఈక్వెడార్ దేశంలో కీటో నగరపు రేడియోవాళ్ళు అదే నాటకం వేసినప్పుడు జరిగినది మాత్రం పెంచి రాసిన కథ కాదు. మోసపోయామని తెలిసిన జనం రేడియో స్టేషనుకు నిప్పు పెట్టారు. మనుషులు చచ్చిపోయారు. మా వీధిలో అంతా కలిసి కోడికూర తిన్నారు, అంతే. ఎవరు అమాయకులో నువ్వే చెప్పు అన్నాను వాడితో.

మరో విచిత్రం చూడండి. సరిగ్గా నెల తిరిగేసరికి, 1979 ఆగస్టు 10న, అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట నుంచి మనవాళ్ళు మొదటి ఎస్.ఎల్.వి. రాకెట్టు వదిలారు. అది అయిదు నిమిషాలు దాటీ దాటగానే బంగాళాఖాతంలో పడిపోయింది. దాని బాధ్యత చూసినది అబ్దుల్ కలాం గారు. "గిది మనదేనట, మల్ల మీదికే పంపుతున్రట" అని మా వీధిలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మరుసటి ఏడు జూలై 18న రోహిణి పైకి వెళ్ళి తిరిగేదాకా వాళ్ళకు నమ్మకం కుదరలేదు. మధ్యలో 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులు పెట్టుకుని చూస్తుంటే, మా వీధి వీధంతా తలుపులు బిడాయించుకుంది. ఆకాశం అంటేనే ఒక జంకు పట్టుకుందన్న మాట ఆ ఒకటి రెండేళ్ళు.

స్కైలాబు పేరు పిల్లలకు పెట్టుకున్నవాళ్ళు మన తెలుగునాట ఉన్నారు. వాళ్ళకిప్పుడు మనుమలు ఎత్తుకునే వయసు వస్తోంది. 2021లో ఆ పేరుతోనే ఒక సినిమా కూడా వచ్చింది, కరీంనగర్ వైపు బండలింగంపల్లి అనే ఊళ్ళో జరిగినట్టు. బాగుంది, నవ్వించారు కూడా. కాని నేను సినిమా అంతా మేకల్ని చూస్తూ కూర్చున్నాను.

ఎందుకంటే ఆ జూలై పన్నెండున పొద్దున్నే అవ్వ మామూలుగా వచ్చింది. గంప దించింది. తోటకూర కట్టలు లెక్కపెట్టి ఇచ్చింది. స్కైలాబు సంగతి ఎత్తలేదు, మా అమ్మా అడగలేదు. ఆ ఏడు దేశమంతా వానలు మొహం చాటేశాయి. మిగిలిన రెండు మేకలూ దసరాకు ముందే పోయాయి. పట్టగొలుసులు మాత్రం అమ్మలేదు. కుదువ పెట్టమని కొడుకు అడిగితే, "గవి దాని సావుకు కొన్నయి, నీ తాగుడుకు గావు" అన్నదట. దీపావళి తరువాత ఒకనాడు ఆ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. మా అమ్మ లోపల డబ్బాలోంచి డబ్బు తీసి, ఒక మేకపిల్లకు సరిపోయేంత, అవ్వ చేతిలో పెట్టింది. ఆకుకూరల్లో తీర్చు అంది. ఎన్నేళ్ళు తీర్చిందో నాకు గుర్తు లేదు కాని, మా ఇంట్లో చాలా కాలం రోజూ తోటకూరే. ఆ పిల్ల మాత్రం అరుగు మీద ఒక్క చోట నిలవకుండా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగెత్తుతూనే ఉంది, గొలుసుల చప్పుడు వినటానికి.