కారు పేర్లలో దాగిన గుర్రపుబండి



కారు వెనుక సామాను పెట్టే అరను మనమందరం 'డిక్కీ' అంటాము. ఆ మాట ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? 19వ శతాబ్దపు ఇంగ్లండులో గుర్రపుబండి తోలేవాడు గాని, వెనుక సేవకులు గాని కూర్చొనే ఆసనానికి అది పేరు. తొలినాటి కార్లలో వెనుక మూత తెరిస్తే బయటపడే అదనపు ఆసనానికి ఆ పేరే వచ్చింది. కాలక్రమంలో ఆ ఆసనం కనుమరుగైనా, మన దేశంలో పేరు మాత్రం సామాను అరకు నిలిచిపోయింది.

బ్రిటిషువారి పాత కారు పేర్లు చాలావరకు ఇటువంటివే. తొలి కార్ల పైభాగాలను నిర్మించినవారిలో అనేకులు గుర్రపుబండ్లు చేసిన పనివారే. కనుక తమకు తెలిసిన పేర్లనే కొత్త వాహనానికీ పెట్టారు. 'కూపే' అనగా ఫ్రెంచి భాషలో కత్తిరించబడినది. ముందరి ఆసనాల వరుస తీసివేయగా మిగిలిన పొట్టి బండి. 'లాండో' జర్మనీలోని ఒక పట్టణం పేరు. పైకప్పు ముందుకు, వెనుకకు రెండుగా తెరుచుకొనే బండి. వెనుక సగం మాత్రమే తెరుచుకొంటే అది 'లాండోలెట్'. 'షూటింగ్ బ్రేక్'లోని బ్రేక్ వాహనాన్ని ఆపే సాధనం కాదు. లేత గుర్రాలను బండికి మరపడానికి వాడిన బరువైన బండి అది. తరువాత వేటగాళ్లను, తుపాకులను, కుక్కలను మోసింది. ఆపై అదే పనికి వచ్చే కారుకు పేరైంది. పల్లెల్లోని పెద్ద భూస్వాముల ఎస్టేట్ల నుండి 'ఎస్టేట్ కారు' వచ్చింది.

ఇక 'సెలూన్'. ఫ్రెంచి భాషలో 'సలోన్' అనగా అతిథులు కూర్చొనే విశాలమైన గది. ఆంగ్లంలో అది విలాసవంతమైన రైలుపెట్టెకు, పిదప అన్ని వైపులా మూసిన కారుకు పేరైంది. అదే మాట మన వీధుల్లో క్షౌరశాల అయింది!

గమనించండి. వస్తువు మారినా వారు మాటను పారవేయలేదు. మన తెలుగూ అదే చేసింది: ఎద్దుబండి, రైలుబండి, మోటారుబండి. ఎద్దుబండి ఇరుసే మోటారు వాహనానికీ ఇరుసైంది.

అయితే హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా మన పిల్లలలో అనేకులు శాస్త్రపాఠాలను వేరే భాషలో చదువుతున్నారు. అందువలన తెలుగు పాతకాలపు భాష, కొత్త వస్తువులకు చాలదు అన్న భావం కొన్ని ఇళ్లలో పాతుకుపోతున్నది. పై చరిత్ర దానికి తగిన సమాధానం. పాత మాట ఉన్నవారికే కొత్త వస్తువుకు పేరు పెట్టే వీలు కలుగుతుంది.

ఈ వారం పిల్లలను అవ్వతాతల వద్ద కూర్చోబెట్టి కాడి, నొగ, ఇరుసు, చక్రపు ఆకు అనే మాటలను బొమ్మ గీసి వ్రాయించండి. ఇంట పలకని మాటను బడిలో మేము ఒక్కరమే నిలుపలేము.