విస్తరాకు నుంచి పార్సిలు డబ్బా వరకు

చెన్నై–కోల్‌కతా రహదారి ఊరైన చిలకలూరిపేటలో హోటలు పార్సిలంటే ఒకప్పుడు అరిటాకు, పైన కాగితం, చుట్టూ దారం. సాంబారుకు ఎవరి గిన్నె వారే పట్టుకెళ్ళేవారు. మోదుగాకు, అడ్డాకు విస్తళ్ళను పుల్లలతో కుట్టేవారు. తిన్న తరువాత అవి పెంటకుప్పలో ఎరువయ్యేవి. పాలిథిన్ సంచి వచ్చి గిన్నెను ఇంట్లోనే కూర్చోబెట్టింది.

తినే పదార్థాలకు రీసైకిల్ ప్లాస్టిక్ సంచులు వాడరాదని కేంద్రం 1999లో నియమం చేసింది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషిద్ధమయ్యాయి. అయితే పార్సిలు డబ్బా పేరు ఆ జాబితాలో లేదు. చెంచా నిషిద్ధం, డబ్బా సమ్మతం!

ఆకును చట్టం తిరిగి తేగలదేమో గాని, గిన్నె పట్టుకెళ్ళే అలవాటును తేవలసింది మనమే. మీ ఊళ్ళో అది ఎప్పుడు పోయిందో చెప్పగలరా, మిత్రులారా?